కచేరీ ఎప్పుడని అడక్కండి

మా అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్ ఎక్కితే చాలు, ఎవరో ఒకరు అడుగుతారు. "వీణ ఎంతవరకు వచ్చిందండీ? కచేరీ ఎప్పుడు?" మొదట్లో సిగ్గుపడి నవ్వేవాడిని. తర్వాత "ఇంకా టైముందండీ" అనేవాడిని. ఇప్పుడు నిజం చెప్పేస్తున్నాను. కచేరీ లేదు, ఉండదు. నాకు నలభై ఆరేళ్లు. వీణ పట్టి మూడేళ్లయింది. మొదటి పాఠాలైన సరళీ స్వరాలు, అలంకారాలు ఎలాగో దాటి మలహరి రాగంలో ఒక గీతం, అంటే మొదట్లో నేర్పే చిన్న పాట, దగ్గర ఆగి ఉన్నాను. అది కూడా రెండో కాలంలో, అంటే రెట్టింపు వేగంలో, వాయిస్తే తాళం ఒక దారి, నేనొక దారి.

ఈ మాట వినగానే ఎదుటివాళ్ల మొహంలోకి జాలి వచ్చేస్తుంది. "పర్లేదండీ, ప్రాక్టీస్ చేస్తే అదే వస్తుంది" అని ధైర్యం చెబుతారు. నేను ధైర్యం అడగలేదు కదా! నాకు సరిగ్గా రావట్లేదు, అయినా హాయిగా ఉంది అన్నాను. వాళ్లకి మొదటి సగమే వినిపిస్తుంది.

గల్లీలో క్రికెట్ ఆడేవాణ్ణి "రంజీ టీమ్‌లోకి ఎప్పుడు?" అని ఎవరూ అడగరు. ఆదివారం చెరువు గట్టు మీద గాలం వేసుకు కూర్చున్నవాణ్ణి ఎన్ని కేజీలు పట్టావని అడుగుతారేమో గానీ, ఎప్పుడు ఎగుమతి చేస్తావని అడగరు. సంగీతం, బొమ్మలు, రాయడం లాంటివి అనేసరికి మాత్రం అవి ఎక్కడికో చేరడానికి వేసిన మెట్లు అయిపోతాయి. మెట్టు మీద కూర్చుని గాలి పీల్చుకుంటానంటే ఒప్పుకోరు. పైకెళ్లు, లేదా దిగిపో.

నేను వీణ ఎందుకు మొదలుపెట్టానో చెప్పడానికి గొప్ప కథేమీ లేదు. మా అమ్మాయిని వీణ క్లాసులో చేర్చాం. రెండు నెలలకి తను బ్యాడ్మింటన్‌కి వెళ్లిపోయింది. టీచరుగారికి మూడు నెలల ఫీజు ముందే కట్టేశాం. "మిగిలిన నెల నేను నేర్చుకోవచ్చాండీ?" అని సరదాకి అడిగాను. ఆవిడ సరదాకి తీసుకోలేదు. డెబ్బై దాటిన మనిషి, కళ్లద్దాల పైనుంచి చూసి, "గోళ్లు మరీ పొట్టిగా తీసెయ్యకు బాబూ, శనివారం సాయంత్రం రా" అన్నారు.

అక్కడ నాతోపాటు అయిదుగురు పిల్లలు. అందరిలో పెద్దది ఎనిమిదో తరగతి. నాలుగో తరగతి పాప ఒకర్తి నా చెయ్యి పట్టుకుని, "అంకుల్, అక్కడ మధ్యవేలు కాదు, చూపుడు వేలు" అని సరిచేసింది. ఆ పాప ఇప్పుడు గీతాలు ఎప్పుడో దాటేసి వర్ణాలు వాయిస్తోంది. నేను ఎక్కడున్నానో పైన చెప్పాను.

ఈ సంగతి తెలిసి మా బావమరిది ఫోన్ చేశాడు. "అదేంటి బావా, వీణ ఆడపిల్లలు నేర్చుకునేది కదా, కనీసం తబలా అయినా కాదా?" అన్నాడు. పెళ్లిచూపుల్లో వీణ వాయించే హీరోయిన్లని చూసి చూసి మనకి పడిపోయిన ముద్ర ఇది. ద్రాక్షారామంలో పుట్టిన ఈమని శంకరశాస్త్రి, కాకినాడలో పుట్టిన ఆయన శిష్యుడు చిట్టిబాబు, వాళ్లకి ముందు తరంలో పిఠాపురం ఆస్థానంలో సంగమేశ్వరశాస్త్రి, వీళ్లంతా వీణ విద్వాంసులు కాక ఎవరనుకున్నావురా అంటే, "వాళ్లు వేరు బావా, వాళ్లు పెద్దవాళ్లు" అన్నాడు. అంటే పెద్దవాడివైతే వాయించొచ్చు, చిన్నవాడివైతే ముట్టుకోకూడదు. మళ్లీ అక్కడికే వచ్చాం.

మా ఆఫీసులో ఒకాయన ఉన్నారు. మిద్దె మీద మొక్కలు పెంచేవారు. దొండ పందిరి, బీర పాదు, పెరుగు డబ్బాల్లో మెంతికూర. సోమవారం వస్తూ గుప్పెడు పచ్చిమిరపకాయలు కవర్లో వేసి తెచ్చి, టేబుల్ టేబుల్‌కీ పంచేవారు. ఎవరో చానల్ పెట్టమన్నారు, పెట్టారు. బాగానే నడిచింది. ఇప్పుడాయన కాయ కోసే ముందు వెలుతురు ఎటునుంచి పడుతోందో చూసుకోవాలి. మొక్క చచ్చిపోతే ఇదివరకు బాధపడేవారు, ఇప్పుడు ఈ వారం ఏం పెట్టాలా అని టెన్షన్ పడుతున్నారు. "విసుగొచ్చేస్తోందండీ, కానీ ఆపితే వ్యూస్ పడిపోతాయి" అన్నారు మొన్న క్యాంటీన్లో. మిరపకాయలు తేవడం మానేసి ఏడాది అయింది. డబ్బు అవసరమై పెడితే అది వేరే సంగతి, దాన్ని తప్పుపట్టను. ఈయనకి డబ్బు అవసరం లేదు. మంచిగా చేస్తున్న పని ఊరికే ఉండకూడదని ఎవరో అన్నారు, ఆయన నమ్మారు.

విశాఖ బీచ్ రోడ్డులో పొద్దున్నే నడిచేవాళ్లని చూడండి. సముద్రం వంక చూసేవాళ్లకంటే మణికట్టు వంక చూసుకునేవాళ్లే ఎక్కువ. ఎన్ని అడుగులయ్యాయో అది చెబుతుంది. పక్కన అంత సముద్రం ఉంది, దానికి మాత్రం లెక్క లేదు.

ఇంతకీ రాని వీణలో సుఖం ఏముందని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే.

పొద్దున అయిదున్నరకి లేస్తాను. బాల్కనీ తలుపు వేసి, చాప మీద కూర్చుని, వీణ ఒళ్లోకి తీసుకుంటాను. దానికి ఏడు తీగలు. నాలుగు వాయించడానికి, మూడు పక్కన తాళానికి. ముందు శ్రుతి చెయ్యాలి. శ్రుతి చెయ్యకుండా వీణని ముట్టుకుంటే టీచరుగారు ఊరుకోరు. ఇరవై నిమిషాల్లో ఎనిమిది నిమిషాలు దీనికే పోతాయి. బిరడ తిప్పుతుంటే తీగ సా దగ్గరకి వస్తూ వస్తూ, ఒక్కసారి పక్క తీగతో కలిసిపోతుంది. అప్పటిదాకా రెండు చప్పుళ్లు, ఆ క్షణం నుంచి ఒకటే. వీణ కుండ, అంటే చివరనుండే గుండ్రటి భాగం, తొడకి ఆనుకుని ఉంటుంది కాబట్టి ఆ కలయిక చెవికంటే ముందు తొడకి తెలుస్తుంది. నా వాయింపులో విద్వాంసులకీ నాకూ సమానంగా దొరికేది ఇదొక్కటే అనుకుంటాను. ఆ తర్వాత వచ్చేదంతా వాళ్లది వాళ్లదే, నాది నాదే.

తర్వాత సరళీ స్వరాలు. మూడేళ్ల తర్వాత కూడా అవే. అవి ఉండేది మాయామాళవగౌళ రాగంలో. అందులో రిషభం, అంటే రి, సా పక్కనే, మొదటి మెట్టు మీద ఉంటుంది. మెట్లంటే తీగ కింద అడ్డంగా ఉండే ఇత్తడి పట్టీలు. వేలు మెట్టుకి మరీ ఆనుకుంటే మూగబోతుంది, దూరమైతే గరగరలాడుతుంది. సరైన చోటు ఒక గింజంత ఉంటుంది. పది సార్లు మీటితే నాకు ఆరు సార్లు పడుతుంది. కిందటేడు నాలుగు పడేవి. మణికట్టు మీది గడియారం లాగా నేనూ లెక్కపెడుతున్నానే అని మీరు అనొచ్చు. నిజమే, ఆ జబ్బు నాకూ ఉంది. ఎడమచేతి వేళ్ల మీద తీగ గాట్లు పడి, కొబ్బరినూనె రాసి రాసి, ఇప్పుడు కాయ కాసింది. ఆఫీసులో ఫైలు తిప్పుతున్నప్పుడు బొటనవేలితో ఆ కాయని తడుముకుంటాను. ఇంత చిన్న సంగతి నలుగురిలో చెప్పుకోవడానికి సిగ్గే.

అసలు లాభం మరోచోట వచ్చింది, నేను అనుకోనిది. మా నాన్న దగ్గర చిట్టిబాబు గారి క్యాసెట్ ఒకటి ఉండేది. చిన్నప్పుడు అది పెడితే నాకు నిద్రొచ్చేది. వీణ అంటే నా దృష్టిలో గుడి, అగరొత్తి, ఆవలింత. నేర్చుకోవడం మొదలుపెట్టిన ఏడాదికి ఒక రాత్రి ఫోన్లో ఆయన్ని విన్నాను. కుడిచేత్తో ఒక్కసారే మీటారు. ఆ ఒక్క మీటు సన్నగిల్లిపోయేలోపు, ఎడమచేత్తో తీగని మెట్టు మీద పక్కకి లాగి, అందులోంచే ఒకదాని వెంట ఒకటి స్వరాలు తీశారు. అంతకుముందు వెయ్యిసార్లు విన్నాను గానీ అక్కడ అంత పని జరుగుతోందని తెలీదు. ఎందుకంటే అలా లాగబోతే నా తీగ ఒక స్వరం కూడా సరిగ్గా ఇవ్వదు. ఇంకో సంగతి కూడా వినిపించింది. వేలు ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకి జారినప్పుడు తీగ మీద చిన్న రాపిడి చప్పుడు. రోజూ పొద్దున్న నా వీణ మీద వచ్చేదే. అంత పెద్దాయన వేలు కూడా అదే చప్పుడు చేస్తోంది. ఎందుకో తెలీదు, కళ్లు చెమ్మగిల్లాయి. ఆ ముక్క వెనక్కి తిప్పి తిప్పి ఎన్నిసార్లు విన్నానో. మా ఆవిడ లేచి వచ్చి, "ఏవండీ, రేపు ఆఫీసు లేదా?" అంది.

ఆ ఒక్క రాపిడి చప్పుడు వినడానికి మూడేళ్లు ఖర్చయ్యాయంటే, చౌకే.

ఇక్కడ నా మీద నేనే ఒక ఫిర్యాదు పెట్టుకోవాలి. కిందటి దసరాల్లో ఆ పాప, అదే నా వేలు సరిచేసిన పాప, వీధి పందిట్లో మొదటి ప్రోగ్రాం ఇచ్చింది. అందరితోపాటు చప్పట్లు కొట్టాను. ఇంటికొచ్చి తలుపేసుకుని నా గీతం ఫోన్లో రికార్డు చేసుకుని విన్నాను. పది సెకన్లు వినగలిగాను. ఆ వారమంతా వీణ ముట్టుకోలేదు. చిన్నపిల్ల మీద అసూయ! కాబట్టి "నాకేమీ అక్కర్లేదు, వాయిస్తే చాలు" అని నేనేదో భగవద్గీత చెబుతున్నానని అనుకోకండి. కచేరీ చెయ్యాలన్న కోరిక గోడ మీది బల్లిలాంటిది. తోలితే పోతుంది, దీపం వెయ్యగానే మళ్లీ అక్కడే.

ఆ వారం గడిచాక టీచరుగారితో అన్నాను. "నేనిలా వాయిస్తూ సంగీతాన్ని పాడుచేస్తున్నానేమోనండీ." ఆవిడ నా మొహంలోకి చూసి, "పాడు చెయ్యడానికి కూడా కొంత రావాలి బాబూ. నీకింకా అంత రాలేదు. శ్రుతి చేసుకో" అన్నారు.

కళ అంటే సాధన, తపస్సు, సగం సగం చేసేవాళ్లు దూరంగా ఉండాలి అనేవాళ్లకి నేను చెప్పగలిగేది టీచరుగారి ఆ చివరి మాటే. శ్రుతి చేసుకో. బాగా రాకపోవడం వేరు, నిర్లక్ష్యం వేరు. వంట సరిగ్గా రానివాడు కూడా చెయ్యి కడుక్కునే వండాలి.

నిర్లక్ష్యం అంటే ఏమిటో కిందటి మే నెలలో నాకు బాగా తెలిసొచ్చింది. పార్వతీపురంలో పెళ్లి. బిరడ ఒకటి వదులై శ్రుతి నిలవట్లేదు కాబట్టి, తిరుగుదారిలో బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో చూపిద్దామని వీణని కారులో వేసుకెళ్లాను. గొల్లపల్లి అంటే వీణలు తయారయ్యే ఊరు. బొబ్బిలి అనగానే మనవాళ్లకి 1757 నాటి యుద్ధం, తాండ్ర పాపారాయుడు గుర్తొస్తారు గానీ, ఆ పక్కనే పాత పనస మొద్దుని తొలిచి కుండా, మెట్లుండే పొడుగాటి దండీ ఒకే చెక్కలో తీసే పనివాళ్లున్నారు. నా వీణా అక్కడిదే. కారుని కల్యాణ మండపం బయట ఎండలో పెట్టి లోపలికి వెళ్లాను. తలంబ్రాలు, భోజనాలు, ఫొటోలు, మామిడికాయ పప్పు బాగుందని రెండోసారి. మూడింటికి వచ్చి కారు తలుపు తీస్తే వేడి మొహానికి కొట్టింది. వీణ తొడుగు, గవుసెన, తీసి చూస్తే, మెట్లు కొన్ని తాగినవాళ్లలా ఒకదాని మీదికి ఒకటి ఒరిగి ఉన్నాయి.

వీణ మెట్లని మేకులతో కొట్టరు. దండి పొడవునా నల్లటి మైనం గట్టులా పోసి, దాని మీద ఇత్తడి మెట్లని కూర్చోబెడతారు. ఇరవై నాలుగు. దాన్నే మేళం కట్టడం అంటారు. మైనాన్ని తీసుకెళ్లి కొలిమిలో పెట్టాను నేను.

గొల్లపల్లిలో పెద్దాయన చూసి కోప్పడలేదు. "ఏటి బాబూ, ఎండలో ఒగ్గీసినారేటి?" అన్నాడు. అవునన్నాను. "పెనం మీద ఎట్టినట్టే" అని లోపలికి పట్టుకెళ్లాడు. పది రోజుల తర్వాత రమ్మన్నాడు. ఆ సాయంత్రం అక్కడే కూర్చుని, ఆయన ఇంకెవరి వీణకో మేళం కడుతుంటే చూశాను. మెత్తబడ్డ మైనం మీద మెట్టు ఆనించి, తీగ మీటి, తల కాస్త వంచి వింటాడు. బొటనవేలితో మెట్టుని ఒక్క పిసరు జరుపుతాడు. మళ్లీ మీటుతాడు. బిరడల వైపు మెట్లు దూరం దూరంగా ఉంటాయి, కుండ వైపు వచ్చేకొద్దీ ఇరుకైపోతాయి. అక్కడ వెంట్రుకవాసి తేడా వచ్చినా అపశ్రుతే. ఒకచోట నాకు సరిగ్గానే ఉందనిపించింది. ఆయన ఆగి, "లేదు" అని తనలో తనే అనుకుని, తీసి మళ్లీ పెట్టాడు. ఫోన్లో శ్రుతి చూపించే యాప్ ఉందని చెబుదామనుకున్నాను. నోరు మూసుకుని మంచి పని చేశాను.

ఆ గది గోడ వెంట చిన్న చిన్న వీణలు వరసగా ఉన్నాయి. జానెడు, మూరెడు, గాజు పెట్టెలో పెట్టినవి. సన్మానాల్లో, రిటైర్‌మెంట్ ఫంక్షన్లలో ఇచ్చేవి. మా ఆఫీసులో కూడా ఒకటుంది, మేనేజర్ గది షోకేసులో. వచ్చినవాళ్లంతా ఎంత బాగుందో అంటారు. షోకేసులో మోగని వీణ అందరికీ ముద్దు. ఇంట్లో మోగే వీణకి మాత్రం కచేరీ ఎప్పుడో చెప్పాలి.

నిజానికి అక్కడ కూర్చున్నప్పుడే నా వాదన మీద నాకో అనుమానం వచ్చింది. ఫలితం అక్కర్లేదు, ఊరికే చేస్తాను అని నేనంటున్నాను. ఎదురుగా ఉన్నాయనకి ఇది అన్నం. ఆయన ఊరికే చెయ్యలేడు. నెల జీతం పడేవాడి సరదా కబుర్లు కావా ఇవి? కొంతవరకు అవును. కానీ వీణ కొనేది ఎవరు? గొప్ప విద్వాంసుడు జీవితం మొత్తం మీద ఎన్ని వీణలు కొంటాడు? ఒకటి, రెండు, మహా అయితే మూడు. గొప్ప విద్వాంసులు ఎంతమంది? మిగిలినవన్నీ కొనేది రెండు నెలలకి బ్యాడ్మింటన్‌కి వెళ్లిపోయే పిల్లల తల్లిదండ్రులు, నాలాంటి నడివయసు సరళీ స్వరాల వాళ్లు. బాగా వచ్చినవాళ్లు మాత్రమే వాయించాలంటే ఆ గదిలో జానెడు వీణలు తప్ప ఇంకేమీ మిగలవు. ఈ మాట పెద్దాయనతో అంటే నవ్వి, "మరీ ఎండలో మాత్రం ఒగ్గకండి" అన్నాడు.

పది రోజుల తర్వాత కారు తియ్యలేదు. పొద్దున్నే పాసింజర్‌లో బొబ్బిలి వెళ్లి, మధ్యాహ్నానికి వీణ తీసుకుని తిరుగు రైలెక్కాను. జూన్ మొదటి వాన అప్పుడే వెలిసింది. జనరల్ బోగీ, కిటికీ పక్క సీటు, పక్క సీట్లో వీణ. నాలుగు అడుగుల పైన పొడుగు, గవుసెనలో ఉంటే పడుకున్న పిల్లలా ఉంటుంది. దొంకినవలస దాటాక తట్ట పట్టుకుని ఒక ముసలమ్మ ఎక్కింది. పనస తొనలు. ఆకులో ఎనిమిది పెట్టి ఇస్తోంది. బోగీ అంతా ఆ వాసనే. నేనూ ఒక ఆకు కొనుక్కున్నాను.

తట్ట కింద పెట్టి ఎదురు సీట్లో కూలబడి, "ఏటి బాబూ అది?" అంది. వీణ అన్నాను. చూపించమంది. జిప్పు తీశాను. ముందు దండి చివర చెక్కిన సింహంలాంటి యాళి మొహం చూసి నవ్వింది. తర్వాత కుండ మీద వేళ్లతో తట్టింది, పనసపండు పండిందో లేదో చూసేవాళ్లు తట్టినట్టే.

"ఏ కర్ర?"

"పనస."

"పనసే!" అంది. మళ్లీ తట్టింది. తట్ట వైపు చూసింది, వీణ వైపు చూసింది. "చెట్టు పోయినా పలకతంది, చూడు" అని పక్కనున్నావిడతో అంది. తర్వాత నా వైపు తిరిగి, "ఏదీ, వాయించు" అంది.

"నాకు రాదమ్మా."

"రాదా? మరి రాకపోతే ఎందుకు మోస్తన్నావు?"

మూడేళ్లుగా లిఫ్టులో అడుగుతున్నదే. కాకపోతే ఈవిడకి కచేరీ అక్కర్లేదు, విజయనగరం వచ్చేదాకా కాలక్షేపం కావాలి. నా వేళ్లకి పనస జిగురు. సీసాలో నీళ్లు పోసి కడిగితే పోదు కదా, పక్కనున్నావిడ కొబ్బరినూనె బుడ్డి తీసి ఇచ్చింది. నూనె రాసి, చేతిరుమాలుతో తుడుచుకుని, వీణ ఒళ్లోకి తీసుకున్నాను. శ్రుతి సగమే కుదిరింది. రైలు ఊపుకి బిరడ తిప్పడం నా వల్ల కాలేదు, టీచరుగారికి ఇది చెప్పను. సరళీ స్వరాలు మొదటి కాలంలో మొదలుపెట్టాను. రైలు చప్పుడు తాళం వేసింది, నాకంటే నిలకడగానే. గజపతినగరంలో ఎవరో కుర్రాళ్లు ఎక్కి, ఒక నిమిషం చూసి ఫోన్లలోకి వెళ్లిపోయారు. ముసలమ్మ తట్టలో మిగిలిన తొనలు ఆకుల్లో సర్దుకుంటూ, అప్పుడప్పుడూ తల ఊపుతూ కూర్చుంది. వింటోందో, లెక్క చూసుకుంటోందో చెప్పలేను. కొత్త మేళం మీద రిషభం పదికి ఎనిమిది సార్లు పడింది. మెచ్చుకోవాలంటే పెద్దాయన్నే మెచ్చుకోవాలి.

విజయనగరం అవుటర్ దగ్గర బండి ఆగింది. మహారాజా సంగీత కళాశాల ఉన్న ఊరు. 1919లో మొదలైంది, ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాల్, తర్వాత ఆ కుర్చీలో వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామినాయుడు. ఘంటసాల చదువుకున్నదీ అక్కడే. ఆ ఊరి పొలిమేరలో రెండో కాలం ఎత్తుకోబోయి, తప్పి, ఆగి, మళ్లీ మొదట్నుంచీ ఎత్తుకున్నాను. బండి కదిలింది. ముసలమ్మ తట్ట నెత్తికెత్తుకుంది.

"ఇజీనారం వచ్చీసింది. నువ్వు కానీ బాబూ" అంది. దిగి వెళ్లిపోయింది.